విద్యార్థుల సంగీత నాటకానికి ఫొటోలు తీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విద్యార్థులు ఆడి పాడే సంగీత నాటకానికి ఫొటోలు తీసే పని ఒప్పుకున్నవాళ్ల కోసం ఈ పేజీ. పెళ్లిళ్లు, ఆటల పోటీలు చక్కగా తీసేవాళ్లు కూడా స్టేజీ ముందు తడబడతారు. వెలుగు నిమిషానికోసారి మారుతుంది, ఫ్లాష్ వాడకూడదు, ఇంకోసారి చేయమని ఆపడానికి వీలుండదు. పైగా విద్యార్థుల నాటకంలో కథానాయకుడి ఫొటోలు బాగా వస్తే పని అయిపోయినట్టు కాదు. వెనక వరసలో బృందగానం పాడిన అమ్మాయి కూడా అన్ని రిహార్సల్స్‌కీ వచ్చింది. ఆమెకూ ఒక మంచి ఫొటో దక్కాలి. కింది జవాబులన్నీ ఆ పట్టుదలతో రాసినవే.

ప్రదర్శన రోజు తీయాలా, రిహార్సల్ రోజు తీయాలా?

చివరి డ్రెస్ రిహార్సల్ రోజు తీయండి. దుస్తులు, మేకప్, లైట్లు, మైకులు అన్నీ అసలు ప్రదర్శనలో ఉన్నట్టే ఉంటాయి. ప్రేక్షకులు ఉండరు కాబట్టి హాల్లో ఎక్కడికైనా నడవొచ్చు, షట్టర్ చప్పుడు ఎవరినీ ఇబ్బంది పెట్టదు. అంతకు ముందు లైట్లు, శబ్దం, సెట్టు సరిచూసుకోవడానికి జరిగే టెక్ రిహార్సల్‌ను నమ్ముకోవద్దు. లైట్లు అప్పటికింకా సరిచేస్తూనే ఉంటారు, పాటను మధ్యలో ఆపేస్తారు, సగం మంది మామూలు బట్టల్లో ఉంటారు. కానీ ఆ రోజు కెమెరా లేకుండా వెళ్లి ఒక మూల కూర్చుని చూడటం చాలా మేలు. ఎవరు ఎటునుంచి వస్తారు, ఏ పాటలో ఎగురుతారు, ఏ దృశ్యం చీకటిగా ఉంటుంది అన్నది తెలిసినవాళ్ల ఫొటోలకూ తెలియనివాళ్ల ఫొటోలకూ తేడా మొదటి పాటలోనే కనిపిస్తుంది.

ఒకే పాత్రకు ఇద్దరు విద్యార్థులు ఉంటే రెండు జట్లకూ విడిగా తీయాలి. ఒక జట్టుకే తీస్తే రెండో జట్టు పిల్లలకు ఆ నాటకం గుర్తుగా ఏమీ మిగలదు.

ముందుగా ఎవరిని ఏం అడగాలి?

అందరికన్నా ముందు స్టేజ్ మేనేజర్‌ను కలవండి. పాటల వరుస, దృశ్యాల వరుస, లైట్లు పూర్తిగా ఆర్పే చోట్లు, పొగ, మెరుపు లైట్లు, కాగితపు ముక్కల వాన, ప్రేక్షకుల మధ్య నుంచి వచ్చే పాత్రలు, ఇవన్నీ ఆ వ్యక్తి దగ్గర కాగితం మీద ఉంటాయి. కాగితపు వాన ఒక్కసారే పడుతుంది. అది ఎప్పుడో తెలియకపోతే సరిగ్గా అప్పుడే మీరు బ్యాటరీ మారుస్తూ ఉంటారు.

దర్శకుణ్ణి అడగాల్సింది ఒక్కటే: పోస్టరుకూ, పత్రికకూ, సంచికకూ తప్పనిసరిగా కావాల్సిన దృశ్యాలు ఏవి? నృత్య దర్శకురాలిని ఎగిరే చోట్లు, ఎత్తి పట్టుకునే చోట్లు అడగండి. లైటింగ్ చూసేవాళ్లను అన్నిటికన్నా చీకటి దృశ్యం ఏదో, ఏ లైట్లు ఎల్‌ఈడీవో అడగండి. ఎవరి ఫొటో తీయకూడదో ఆ జాబితా స్కూలు లేదా కాలేజీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రేక్షకులు లేనప్పుడు కూడా ఫ్లాష్ వాడకూడదా?

వాడకూడదు. చీకట్లో కళ్లు అలవాటుపడిన నర్తకి ముఖం మీద ఫ్లాష్ పడితే కొన్ని క్షణాలు స్టేజీ అంచు కనిపించదు. ఒకరిని ఎత్తి పట్టుకున్నప్పుడు అది నిజంగా ప్రమాదం. రెండో కారణం, నీలి వెన్నెల రాత్రి అనిపించేలా లైటింగ్ చేసిన విద్యార్థి పనంతా మీ తెల్లటి ఫ్లాష్ తుడిచేస్తుంది. కెమెరా ముందుండే ఆటోఫోకస్ సహాయక దీపాన్ని కూడా మెనూలో ఆపేయండి. దాన్ని చాలామంది మర్చిపోతారు, స్టేజీ మీదున్నవాళ్లకు మాత్రం అది సూటిగా కళ్లలో పడుతుంది.

ఏ లెన్సులు కావాలి?

రెండు కెమెరా బాడీలు, ఒకదానికి 24-70 ఎంఎం ఎఫ్ 2.8, రెండోదానికి 70-200 ఎంఎం ఎఫ్ 2.8 ఉంటే నాటకమంతా లెన్సు మార్చే పని ఉండదు. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సులోకి అంత ఎక్కువ వెలుగొస్తుంది. ఫుల్ ఫ్రేమ్ (36 ఎంఎం వెడల్పు సెన్సర్) కెమెరాతో స్టేజీకి 12 మీటర్ల దూరంలో ఉన్నారనుకుంటే, 35 ఎంఎం దగ్గర సుమారు 12 మీటర్ల వెడల్పు, అంటే దాదాపు మొత్తం స్టేజీ, ఫ్రేములో పడుతుంది. 85 ఎంఎంతో 5 మీటర్లు పడుతుంది, నలుగురైదుగురి గుంపుకు సరిపోతుంది. 200 ఎంఎంతో కెమెరా నిలువుగా పట్టుకుంటే 2 మీటర్ల పైచిలుకు ఎత్తు, అంటే ఒక మనిషి తల నుంచి పాదం దాకా, వస్తుంది. క్రాప్ సెన్సర్ (అంతకన్నా చిన్న సెన్సర్) కెమెరా అయితే ఇదే ఫ్రేము కోసం ఒకటిన్నర రెట్లు వెనక్కి వెళ్లాలి.

అంత ఖరీదైన లెన్సులు లేవా? 50 ఎంఎం ఎఫ్ 1.8, 85 ఎంఎం ఎఫ్ 1.8 చాలు. కెమెరాతోపాటు వచ్చే జూమ్ లెన్సు పూర్తిగా చాచినప్పుడు ఎఫ్ 5.6 దగ్గర ఆగుతుంది. ఎఫ్ 1.8లో దానికన్నా దాదాపు పది రెట్ల వెలుగు లోపలికొస్తుంది. జూమ్ లేని లోటును కాళ్లతో నడిచి తీర్చుకోవచ్చు, రిహార్సల్లో అడ్డుచెప్పేవాళ్లు ఉండరు.

లెన్సు ముందు రక్షణ కోసం పెట్టిన గాజు ఫిల్టర్ తీసేయండి. ఎదురుగా ఉన్న లైట్లు ఆ గాజులో ప్రతిబింబించి చీకటి భాగంలో పచ్చని చుక్కలుగా తేలతాయి. హుడ్ మాత్రం ఉంచండి.

సెట్టింగ్స్ ఎక్కడ మొదలుపెట్టాలి?

మాన్యువల్ మోడ్, రా ఫైల్ (సెన్సర్ పట్టిన సమాచారమంతా కుదించకుండా దాచే ఫైలు). మాటలు నడిచే మామూలు దృశ్యానికి ఎఫ్ 2.8, 1/250 సెకను, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 3200 దగ్గర మొదలుపెట్టండి. అందరూ కలిసి ఆడే వెలుగు నిండిన పాటలో షట్టర్ 1/500కు పెంచండి, ఐఎస్ఓ చాలాసార్లు 1600కే సరిపోతుంది. ఒక్కరే నిలబడి పాడే నెమ్మది పాటలో 1/160కి దిగొచ్చు, ఐఎస్ఓ 6400 దాకా వెళ్లొచ్చు. ఐఎస్ఓ చూసి భయపడకండి. గరుకు వచ్చిన ఫొటోను తర్వాత సరిచేయవచ్చు. చెయ్యి కదిలి ముఖం చెదిరిన ఫొటోను ఎవరూ బాగుచేయలేరు. లెన్సులోని స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును ఆపుతుంది కానీ నటుడి కదలికను ఆపదు.

ముఖాలు తెల్లగా కాలిపోయినట్టు వస్తున్నాయి. ఎందుకు?

ఫ్రేములో ముప్పాతిక భాగం నల్లటి తెర ఉంటే కెమెరా మీటర్ దృశ్యమంతా చీకటిగా ఉందనుకుని ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది. ఆ వెలుగంతా ముఖం మీద పడి చర్మం రంగు పోతుంది. ఒక చిన్న చోటి వెలుగునే కొలిచే స్పాట్ మీటరింగ్ పెట్టి ముఖం మీద కొలవండి. ఆటో మోడ్‌లోనే ఉండాల్సి వస్తే ఎక్స్‌పోజర్‌ను 1 నుంచి 2 స్టాపులు తగ్గించుకోండి (ఒక్కో స్టాపు తగ్గిస్తే వెలుగు సగమవుతుంది). ఫాలో స్పాట్ (నటుడి వెంటే తిరిగే లైటు) వెలుగులో ఉన్న పాత్రకు ఇది ఇంకా అవసరం, ఎందుకంటే చుట్టూ ఉన్నవాళ్లకన్నా ఆ ఒక్క ముఖం ఒకటి రెండు స్టాపులు ఎక్కువ వెలుగులో ఉంటుంది. ముఖానికి సరిపెట్టుకుని చుట్టూ చీకటి పడనివ్వండి. ప్రేక్షకుల కంటికీ అది అలాగే కనిపిస్తుంది.

ఎరుపు, నీలి లైట్లలో ముఖం ముద్దలా వస్తోందేం?

ఎల్‌ఈడీ ఎరుపు లైటులో దాదాపు మొత్తం వెలుగు సెన్సర్‌లోని ఎరుపు చానల్లోకే పోతుంది. పచ్చ, నీలం చానళ్లు ఖాళీగా ఉంటాయి. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలోని వెలుగు పంపకాన్ని చూపే గ్రాఫు) మూడింటినీ కలిపి చూపిస్తుంది కాబట్టి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, ఎరుపు మాత్రం నిండి పొర్లిపోయి ముక్కు, చెంప, గడ్డం ఒకే చదునైన రంగుగా కలిసిపోతాయి. కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా పెట్టుకుని, ఎరుపు గీత కుడి అంచును తాకకుండా ఒక స్టాపు తగ్గించి తీయండి.

ఇంకా మంచి దారి, ఓపిక పట్టడం. రంగు లైటులో నడుస్తున్న పాత్ర మీద ఎప్పుడో ఒకప్పుడు పక్కనుంచో ముందునుంచో తెల్లటి వెలుగు పడుతుంది. ముఖం స్పష్టంగా, వెనక రంగు నిండుగా ఉన్న ఆ క్షణం కోసం ఆగండి.

ఫొటోలో అడ్డంగా చారలు వస్తున్నాయి. కెమెరా పాడైందా?

కాదు. మసకగా చేసిన ఎల్‌ఈడీ లైటు నిజానికి సెకనుకు కొన్ని వందల నుంచి వేల సార్లు ఆరి వెలుగుతూ ఉంటుంది. సైలెంట్ మోడ్‌లో, అంటే ఎలక్ట్రానిక్ షట్టర్‌లో, చాలా కెమెరాలు సెన్సర్‌ను వరస వరసగా నెమ్మదిగా చదువుతాయి. లైటు వెలిగినప్పుడు చదివిన వరసలు కాంతిగా, ఆరినప్పుడు చదివినవి నల్లగా పడతాయి. మెకానికల్ షట్టర్‌కు మారితే చారలు చాలావరకు పోతాయి. మిగిలితే షట్టర్ వేగం 1/125 దగ్గరికి తగ్గించి చూడండి. కొన్ని కొత్త కెమెరాల్లో షట్టర్ వేగాన్ని చాలా చిన్న మెట్లలో మార్చే హై ఫ్రీక్వెన్సీ ఫ్లికర్ సెట్టింగ్ ఉంటుంది, అది ఇక్కడ బాగా పనికొస్తుంది. మామూలు యాంటీ ఫ్లికర్ సెట్టింగ్ మాత్రం కరెంటు వల్ల సెకనుకు 100 లేదా 120 సార్లు మినుకుమనే దీపాలకే, ఎల్‌ఈడీ సమస్యను అది పట్టుకోలేదు.

వెనక తెర మీద ప్రొజెక్టర్ బొమ్మ ఉంటే ఇంకో చిక్కు. కొన్ని ప్రొజెక్టర్లు ఎరుపు, పచ్చ, నీలం రంగులను ఒకదాని తర్వాత ఒకటిగా వేస్తాయి. షట్టర్ వేగం ఎక్కువైతే ఫొటోలో ఒకటి రెండు రంగులే చిక్కుతాయి. 1/60 దగ్గర, నటులు కదలకుండా నిలబడిన క్షణంలో తీయండి.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంచొచ్చా?

వద్దు. నారింజ రంగు సాయంత్రాన్ని ఆటో వైట్ బ్యాలెన్స్ మామూలు తెలుపుగా దిద్దేయాలని చూస్తుంది. పక్కపక్క ఫొటోలే వేర్వేరు రంగుల్లో వస్తాయి. పాతకాలపు హాలోజన్ స్టేజీ లైట్లయితే 3200 కెల్విన్, అన్ని రకాల లైట్లు కలిసి ఉంటే 4000 దగ్గర స్థిరంగా పెట్టి నాటకమంతా అలాగే వదిలేయండి. రా ఫైల్ కాబట్టి తర్వాత అన్నిటినీ ఒకేసారి సవరించుకోవచ్చు.

చీకట్లో ఫోకస్ నిలవడం లేదు.

నిరంతర ఆటోఫోకస్, ఒక్క పాయింటు లేదా చిన్న జోన్ పెట్టుకోండి. ఫోకస్‌ను షట్టర్ బటన్ నుంచి విడదీసి వెనక బటన్‌కు ఇస్తే, చీకటి పడినప్పుడు బొటనవేలు తీసేసి ఫోకస్‌ను అక్కడే ఆపొచ్చు. ముఖాన్ని గుర్తించే సదుపాయం ఇద్దరు ముగ్గురున్న దృశ్యంలో బాగుంటుంది. గుంపులో మాత్రం మీకు కావలసిన ముఖాన్ని వదిలి దగ్గరున్న లేదా ఎక్కువ వెలుగున్న ముఖం మీదికి పోతుంది. ముసుగులకూ, దట్టమైన మేకప్‌కూ అది తికమక పడుతుంది. పొగ వదిలినప్పుడు దుస్తుల అంచు, కాలరు, మెడలోని గొలుసు లాంటి స్పష్టమైన గీత మీద ఫోకస్ పెట్టండి.

పాడుతున్నవాళ్ల నోరు వికారంగా వస్తోంది.

ఇది అందరికీ వచ్చే ఇబ్బందే, మందు కూడా సులువే: పాట వినండి. నోరు ఏ అక్షరం మీద ఉందో దాన్ని బట్టి ముఖం మారుతుంది. ‘ఆ’, ‘ఓ’ సాగదీసే చోట ముఖం తెరుచుకుని భావం నిండుగా ఉంటుంది. ‘ఈ’ దగ్గర నవ్వినట్టు ఉంటుంది. ‘మ’, ‘ప’, ‘వ’ దగ్గర పెదవులు మూసుకుని, ముడుచుకుని ఉంటాయి. శ్వాస తీసుకునే క్షణంలో మెడ నరాలు బిగుస్తాయి. సాగే స్వరం మొదలైన కాసేపటికి తీయండి, చివరిదాకా ఆగితే అలసట కనిపిస్తుంది. పంక్తి అయిపోయి తర్వాతి పంక్తి మొదలయ్యే ముందు వచ్చే మౌనం ఇంకా మంచి చోటు. నోరు మూసి ఉంటుంది, భావం ఇంకా కళ్లలో ఉంటుంది.

నుదుటి మీదో చెంప మీదో అతికించిన మైకు నీడ నోటి మీద పడుతుంటే, మైకు లేని వైపుకు మారండి.

నృత్యంలో సరైన క్షణం ఎలా పట్టుకోవాలి?

నాటకాల్లో నృత్యాన్ని చాలావరకు ఎనిమిది లెక్కలుగా కూర్చుతారు. మీరూ లోపల లెక్కపెట్టుకోండి. ఎగిరిన మనిషి పైకి చేరి కిందికి దిగే ముందు ఒక్క క్షణం ఆగినట్టుంటుంది, అక్కడ 1/500 కూడా సరిపోతుంది. మీరు చూసి నొక్కితే ఆలస్యమవుతుంది, లెక్కను బట్టి కాస్త ముందే నొక్కాలి. బరస్ట్ (వరసగా ఫొటోలు తీసే మోడ్) పెట్టుకున్నా నాలుగైదు ఫ్రేముల చిన్న విడతలుగా తీయండి. మొత్తం పాటంతా నొక్కి పట్టుకుంటే బఫర్ (కార్డుకు రాసేలోపు ఫొటోలు ఆగే తాత్కాలిక మెమరీ) నిండిపోయి అసలు ఎగిరే చోట కెమెరా ఆగిపోతుంది.

పాట చివర అందరూ ఒక భంగిమలో నిలిచిపోతారు, దాన్ని వదలకండి. ఆ భంగిమ కోసం పిల్లలు ఎన్నోసార్లు సాధన చేసి ఉంటారు, వెనక వరస ముఖాలన్నీ కనిపించేది కూడా అప్పుడే.

ఎక్కడ నిలబడాలి?

నటుల కళ్లకు మీ లెన్సు సమాన ఎత్తులో ఉండే చోట. మొదటి వరసలో కూర్చుంటే స్టేజీ అంచు పాదాలను కోసేస్తుంది, ముక్కు రంధ్రాలు కనిపిస్తాయి. మధ్యలో ఐదు నుంచి ఎనిమిదో వరస సాధారణంగా బాగుంటుంది. యుగళగీతానికి పక్కకు జరగండి, ఎదురెదురుగా నిలబడినవాళ్లు ముందునుంచి చూస్తే దూరదూరంగా ఉంటారు, పక్కనుంచి దగ్గరవుతారు. బాల్కనీ ఉంటే పెద్ద నృత్యాల్లో ఒక్కదానికైనా పైకెళ్లండి. వలయాలు, వరసలు అక్కడినుంచే తెలుస్తాయి.

నడవాలో ట్రైపాడ్ పెట్టకండి, అది అందరూ బయటికెళ్లే దారి. ఒంటికాలి మోనోపాడ్ చాలు.

ప్రేక్షకులున్న ప్రదర్శనలోనే తీయాల్సి వస్తే?

ఒక్కచోటే, వీలైతే సౌండ్ బల్ల పక్కన నిలబడండి. వెనక స్క్రీన్ ఆపేయండి, బీప్ ఆపేయండి, కార్డు రాసేటప్పుడు వెలిగే చిన్న దీపం మీద నల్ల టేపు అంటించండి. నిశ్శబ్దంగా సాగే మాటల దృశ్యాల్లో వేలు ఆపుకోండి. చప్పట్లు, పెద్ద పాటలు మీకు అనుకూలం. సైలెంట్ మోడ్ వాడితే ముందుగా ఆ లైట్ల కింద చారలు వస్తున్నాయో లేదో పరీక్షించి చూడాలి.

ఫోన్‌తో తీయొచ్చా?

కొంతవరకు. వేళ్లతో జూమ్ చేయకండి, ఫోన్‌లో నిజంగా ఉన్న రెండో మూడో లెన్సునే ఎంచుకోండి. ముఖం మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ తాళం వేసి, వెలుగు గుర్తును కిందికి జరపండి. నైట్ మోడ్ ఆపేయండి, అది ఒకటి రెండు సెకన్లు తీసుకుంటుంది కాబట్టి కదిలినవాళ్లంతా మసకైపోతారు.

ఫొటో కాల్ అంటే ఏమిటి? గ్రూప్ ఫొటో ఎప్పుడు తీయాలి?

రిహార్సల్ అయ్యాక ముఖ్యమైన దృశ్యాలను మళ్లీ నిలబెట్టి తీసేది ఫొటో కాల్. ఎనిమిది నుంచి పది దృశ్యాలు, ఒక్కోదానికి ఐదు నిమిషాలు, మొత్తం గంటలోపు. చివరి దృశ్యంతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి, ఎందుకంటే సెట్టు, దుస్తులు అప్పటికి చివరి దృశ్యానివే ఉంటాయి. జాబితా ముందురోజే స్టేజ్ మేనేజర్‌కు ఇవ్వండి. రాత్రి పొద్దుపోయాక అలసిన పిల్లలను నిలబెట్టి, ఏం తీయాలా అని అప్పుడు ఆలోచించకూడదు.

గ్రూప్ ఫొటో వీటన్నిటికన్నా ముందు తీసేయండి, అయిపోయినవాళ్లు బట్టలు మార్చుకుని వెళ్లొచ్చు. లైటింగ్ బల్ల దగ్గరున్నవాళ్లను ముందునుంచి తెల్లటి సమానమైన వెలుగు ఇమ్మని అడగండి. నేల మీద కూర్చున్నవాళ్లు, మోకాళ్ల మీద ఉన్నవాళ్లు, నిలబడినవాళ్లు, మెట్ల మీదివాళ్లు అని నాలుగు వరసలు. ఎఫ్ 5.6 లేదా 8, 1/125, ట్రైపాడ్. ఎన్ని తీయాలి? ఆస్ట్రేలియా ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓకు చెందిన నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ రెప్పపాటు మీద ఒక లెక్క వేసి 2006లో ఇగ్ నోబెల్ (నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా బహుమతి) గణిత బహుమతి అందుకున్నారు. 20 మందిలోపు గుంపుకు మంచి వెలుగులో మనుషుల సంఖ్యను 3తో, తక్కువ వెలుగులో 2తో భాగించినన్ని ఫొటోలు తీయాలన్నారు. 50 మందికి అందరి కళ్లూ ఒకేసారి తెరిచి ఉంటాయన్న ఆశ దాదాపు లేదు. అందుకే ట్రైపాడ్. కెమెరా కదలకుండా పది ఫ్రేములు తీసి, కళ్లు మూసుకున్నవారి ముఖాన్ని ఇంకో ఫ్రేము నుంచి తెచ్చి అతికించవచ్చు. సెట్టు మోసినవాళ్లు, వాద్యబృందం, మేకప్ జట్టు కూడా ఒక ఫ్రేములో ఉండాలి.

ప్రతి విద్యార్థీ ఫొటోల్లో ఉన్నారని ఎలా నిర్ధారించుకోవాలి?

పాత్రధారుల జాబితా అచ్చు తీసి జేబులో పెట్టుకోండి. విరామంలో ఫొటోలు వెనక్కి తిప్పి చూస్తూ కనిపించిన పేర్ల పక్కన గీత పెట్టండి. ఒక్కొక్కరికి ముఖం స్పష్టంగా ఉన్నవి కనీసం రెండు ఉండాలన్నది లక్ష్యం. మిగిలినవాళ్లు రెండో భాగంలో ఏ పాటలో, ఏ వైపు నిలబడతారో దుస్తుల గుర్తుతో రాసుకుని, ఆ పాటలో కథానాయిక మీద నుంచి కెమెరా తిప్పి వాళ్లను వెతకండి. కథానాయిక ఫొటోలు మీ దగ్గర అప్పటికే కావలసినన్ని ఉంటాయి. బృందంలోని పిల్లలు చాలాసార్లు ముఖ్యపాత్రను చూస్తూ నిజంగా నవ్వుతారు, ఉలిక్కిపడతారు. నాటకంలోని అతి సహజమైన ముఖాలు కొన్ని అక్కడే దొరుకుతాయి.

అనుమతులు, హక్కుల సంగతి?

మైనర్ల విషయంలో తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి సంస్థ దగ్గర ఉండాలి. అనుమతి లేని విద్యార్థికి ఏ రంగు దుస్తులో ముందే తెలుసుకుంటే ఎంపిక సులువు. దుస్తులు మార్చుకునే గదుల్లోకీ, గబగబా బట్టలు మార్చుకునే స్టేజీ పక్క చీకటి మూలకూ కెమెరా వెళ్లకూడదు. ఎగిరినప్పుడు దుస్తులు జరిగి ఇబ్బందికరంగా వచ్చిన ఫ్రేములను ఎవరికీ చూపించకుండా చెరిపేయండి. బయట పెట్టే ఫొటోకు విద్యార్థి పూర్తి పేరు జతచేయకపోవడం మంచిది.

హక్కులు తీసుకుని ఆడే నాటకమైతే లైసెన్సు పత్రం చదవండి. సంగీత నాటకాల హక్కులు ఇచ్చే మ్యూజిక్ థియేటర్ ఇంటర్నేషనల్ లాంటి సంస్థల ప్రదర్శన హక్కులో వీడియో రికార్డింగ్ కలిసి ఉండదు, దానికి వేరే అనుమతి కావాలి. ఒక పాటను ఫోన్లో తీసి పెట్టినా అదే నియమం.

ఎన్నింటిని ఉంచుకోవాలి? ఎంత ఎడిట్ చేయాలి?

రెండున్నర గంటల నాటకానికి 1000 నుంచి 1500 ఫ్రేములు మామూలే. 24 మెగాపిక్సెళ్ల రా ఫైల్ ఒక్కోటి 25 నుంచి 30 ఎంబీ, అంటే 45 జీబీ దాకా. 64 జీబీ కార్డులు రెండు, నిండు బ్యాటరీలు రెండు దగ్గరుంచుకోండి, విరామంలో రెండూ మార్చేయండి. అందులోంచి 150 నుంచి 200 ఇస్తే చాలు.

ముందుగా రంగును ముట్టుకోకుండా ఎక్స్‌పోజర్, గరుకు తగ్గించడం, కాస్త క్రాప్ చేయడం వరకే ఆగండి. నీలి దృశ్యం నీలంగానే ఉండాలి. రంగు పూర్తిగా ముద్దైపోయి, భావం మాత్రం గొప్పగా ఉన్న ఫ్రేమును నలుపు తెలుపులోకి మార్చితే చాలాసార్లు దక్కుతుంది. ముఖాలను, శరీరాలను సన్నబరచడం, తెల్లబరచడం చేయకండి. ఏ4 సైజులో 300 డీపీఐ ముద్రణకు 3508 × 2480 పిక్సెళ్లు కావాలి, కాబట్టి 6000 పిక్సెళ్ల వెడల్పున్న అడ్డ ఫొటోను దాదాపు 60 శాతం వెడల్పుకన్నా చిన్నగా క్రాప్ చేస్తే ముద్రణలో పలచబడుతుంది.

ఫొటోలు ఎలా, ఎప్పుడు ఇవ్వాలి?

దృశ్యాల వరుసలో, ఫైలు పేరులో దృశ్యం సంఖ్యతో. ముద్రణకు పెద్దవి ఒక ఫోల్డరు, వెబ్‌కు పొడవు వైపు 2048 పిక్సెళ్లతో ఎస్ఆర్‌జీబీలో (వెబ్‌కు సాధారణంగా వాడే రంగుల ప్రమాణం) ఇంకో ఫోల్డరు. కార్డులను చెరిపేముందు రెండు వేర్వేరు డిస్కుల్లో ప్రతులు ఉన్నాయని తెరిచి చూడండి. ప్రచారానికి కావలసిన ఐదారు ఫొటోలు డ్రెస్ రిహార్సల్ రాత్రే పంపితే టికెట్లకు పనికొస్తాయి. వాటిలో కథ మలుపు బయటపెట్టే దృశ్యం, చివరి సెట్టు ఉండకూడదు. అవి ఆఖరి ప్రదర్శన అయ్యాకే బయటికి రావాలి.